"అంకుల్, ఇంకా ఎంత దూరం?" కారు ప్రయాణంలో పిల్లల గురించి అపోహలు - వాస్తవాలు

ఇరవై ఏళ్లుగా టాక్సీ నడుపుతున్నాను. హైదరాబాద్ నుంచి విజయవాడ, గుంటూరు, శ్రీశైలం, తిరుపతి వెళ్లే కుటుంబాలే నాకు ఎక్కువ. సంక్రాంతికీ, వేసవి సెలవులకూ వెనక సీట్లో పిల్లలు లేని ట్రిప్పు ఉండదు. సామాను డిక్కీలో పెడుతూనే తల్లో తండ్రో చెప్పే మాట ఒకటుంది: "మావాడు అసలు కుదురుగా కూర్చోడన్నా, ఏమీ అనుకోకు." నేనేమీ అనుకోను. ఐదు గంటలు బెల్టు కట్టుకుని ఒకేచోట కూర్చుంటే పెద్దవాళ్లకే కాళ్లు లాగుతాయి. పిల్లలకు ఆ దారిలో చేయడానికి ఒక పని కావాలి, అంతే. ఆ పని ఏమిటన్న దగ్గరే చాలామంది పొరబడుతున్నారు. నేను తరచూ వినే మాటలు, నేను చూసిన సంగతులు రాస్తున్నాను.

అపోహ: ఫోన్ చేతికిస్తే ఇక చింత లేదు.

వాస్తవం: మొదటి అరగంట చింత ఉండదు. ఆ తర్వాతే మొదలవుతుంది. బండి మలుపు తిరిగినా, వేగం పెరిగినా తగ్గినా ఆ కదలిక లోపలి చెవికి తెలుస్తుంది. కళ్లు మాత్రం కదలని తెర మీదే ఉంటాయి. చెవి ఒకటి చెబుతుంటే కళ్లు మరొకటి చెబుతాయి. కడుపులో తిప్పడానికి కారణం ఇదే. రెండేళ్ల నుంచి పన్నెండేళ్ల వయసు వాళ్లలో ఈ బాధ ఎక్కువ. శ్రీశైలం దారిలో మన్ననూరు దాటాక, నల్లమల మలుపుల్లో నా బండిలో వాంతి చేసుకున్న పిల్లల్లో ఎక్కువమంది అంతకుముందు ఫోన్ చూస్తున్నవాళ్లే. తల దించి బొమ్మల పుస్తకం చదివినా ఇదే జరుగుతుంది.

అలాంటి పిల్లను ముందు అద్దంలోంచి రోడ్డు కనిపించేలా వెనక సీట్లో కూర్చోబెట్టి, దూరంగా ఉన్న కొండనో చెట్టునో చూడమనండి. కొంచెం గాలి తగలనివ్వండి. బండిలో సెంటు వాసన పడకపోతే మొహమాటపడకుండా డ్రైవరుకు చెప్పండి, తీసేస్తాడు. నేనైతే పిల్లలున్న ట్రిప్పుకు ముందే తీసి పక్కన పెడతాను.

ఫోనే వద్దని నేననను. అందులోంచి కథలు, పాటలు వినిపించండి. చెవులకు పని పెడితే కళ్లు కిటికీ బయటే ఉంటాయి.

అపోహ: వాంతి చేసుకుంటాడు కాబట్టి ఏమీ పెట్టకుండా బయలుదేరాలి.

వాస్తవం: ఖాళీ కడుపుతోనూ వికారం వస్తుంది, పైగా ఆకలికి చిరాకు తోడవుతుంది. బయలుదేరే ముందు ఒకటి రెండు ఇడ్లీలు చాలు. నూనె వస్తువులు, పొట్ట నిండా పాలు వద్దు. దారిలో కొంచెం కొంచెంగా మంచినీళ్లు, మరమరాలు, అరటిపండు ఇవ్వండి. మాత్ర వేయాలనుకుంటే ముందే పిల్లల డాక్టరును అడగండి. మెడికల్ షాపు ముందు బండి ఆపి ఏదో ఒకటి కొని వేయడం నేను చూశాను, అలా చేయకండి.

అపోహ: హైవే మీద చూడటానికేముంది, పిల్లలకు విసుగేగా.

వాస్తవం: ఈ మాటే నాకు అన్నిటికన్నా బాధ కలిగిస్తుంది. హైదరాబాద్ - విజయవాడ 65వ నంబరు హైవేనే తీసుకోండి. సుమారు 270 కిలోమీటర్ల దారి. నా బండి ఎక్కిన పిల్లలకు ముందుగా మూడు నదుల సంగతి చెబుతాను. సూర్యాపేటకు ముందు మూసీ వస్తుంది. హైదరాబాద్‌లో వాళ్లు రోజూ దాటే మూసీయే ఇది. రెండు రాష్ట్రాల సరిహద్దులో పాలేరు, కీసర దగ్గర మున్నేరు. ఈ మూడూ చివరికి కృష్ణలోనే కలుస్తాయి. "ఆ కృష్ణను విజయవాడలో చూపిస్తా, అప్పటిదాకా ఏ వంతెన ఎప్పుడొస్తుందో మీరే కనిపెట్టి చెప్పాలి" అంటాను. వంతెన కనబడగానే వెనక నుంచి వినిపించే కేక నాకు ఇరవై ఏళ్లలో ఒక్కసారి కూడా విసుగనిపించలేదు.

తర్వాత నంబరు ప్లేట్లు. 2014 జూన్‌కు ముందు ఇక్కడి బండ్లన్నిటికీ ఏపీయే. రాష్ట్రం ఏర్పడ్డాక తెలంగాణ బండ్లకు టీఎస్ వచ్చింది, 2024 మార్చి నుంచి కొత్తవాటికి టీజీ. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుంచి కొత్త బండ్లకు జిల్లాకో నంబరు తీసేసి అన్నిటికీ ఏపీ 39 ఇవ్వడం మొదలుపెట్టారు. కాబట్టి ఏపీ 16 కనిపిస్తే అది కృష్ణా జిల్లా పాత బండి, ఏపీ 24 అయితే నల్గొండది, ఏపీ 31 విశాఖపట్నంది. పాత ప్లేటుకు పది మార్కులు, టీజీకి రెండు అని పెట్టండి. రంగుల ఆట కూడా ఆడొచ్చు. సొంత బండికి తెల్ల ప్లేటు, నాలాంటి టాక్సీకి పసుపు, కరెంటు బండికి ఆకుపచ్చ. చదవడం రాని నాలుగేళ్ల పిల్ల కూడా రంగులాటలో గెలుస్తుంది.

కొంచెం పెద్ద పిల్లలకు కిలోమీటరు రాళ్ల లెక్క ఇస్తాను. రాయికీ రాయికీ మధ్య ఎన్ని సెకన్లు పట్టిందో గడియారంలో చూసి, 3600ను ఆ అంకెతో భాగించమంటాను. 45 సెకన్లు పడితే గంటకు 80 కిలోమీటర్లు, 40 పడితే 90. తర్వాత నా మీటరుతో సరిచూసుకుంటారు. ఒక ఏడో తరగతి పాప కోదాడ నుంచి నందిగామ దాకా నా వేగం లెక్క కడుతూనే ఉంది. లెక్కలంటే భయమని ఆ పాప గురించి తల్లి పొద్దునే నాతో చెప్పింది. ఆ రాళ్ల తలల రంగు కూడా చూడమనండి. జాతీయ రహదారికి పసుపు, రాష్ట్ర రహదారికి ఆకుపచ్చ. ప్రధానమంత్రి గ్రామ సడక్ కింద వేసిన పల్లె రోడ్లకు నారింజ. అమ్మమ్మ ఊరి రోడ్డులోకి మళ్లగానే రంగు మారిందని వాళ్లే చెబుతారు.

చీకటి పడ్డాక పొడుపు కథలు. "చెయ్యని కుండ, పొయ్యని నీళ్లు, వెయ్యని సున్నం, తియ్యగనుండు." కొబ్బరికాయ అని చెప్పడానికి ఈ కాలం పిల్లలకు పది నిమిషాలైనా పడుతుంది. "కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు మూసినా చప్పుడు కావు" అంటే కనురెప్పలు. బండిలో నానమ్మో తాతయ్యో ఉంటే నా అవసరమే ఉండదు. వాళ్ల దగ్గర ఇంతకన్నా మంచివి ఉంటాయి, అడగాలంతే.

అపోహ: ముందు సీట్లో ఒళ్లో కూర్చోబెట్టుకుంటే పిల్లాడికి సరదా, భద్రం కూడా.

వాస్తవం: భద్రం కానే కాదు. కొన్నేళ్ల కిందట డివైడర్ సందులోంచి గేదె అడ్డం వస్తే గట్టిగా బ్రేకు వేశాను. తల్లి ఒళ్లో ఉన్న మూడేళ్ల బాబు నుదురు డాష్‌బోర్డుకు కొట్టుకుంది. నాలుగు కుట్లతో బయటపడ్డాం. ఆ తల్లి గట్టిగానే పట్టుకుంది, పట్టు నిలవలేదు. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న బండి దేన్నో గుద్దుకుని క్షణంలో ఆగితే పది కిలోల బిడ్డను ఆపడానికి నూరు కిలోలకు పైగా బరువును ఆపినంత బలం కావాలి. అంత బలం ఏ చేతులకూ ఉండదు. ఎయిర్‌బ్యాగు తెరుచుకుంటే ఒళ్లో బిడ్డకు దెబ్బ ఇంకా పెద్దది.

ఆ రోజు నుంచి ముందు సీట్లో పిల్లలను కూర్చోనివ్వను. కోప్పడి బుకింగ్ మానుకున్నవాళ్లూ ఉన్నారు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు, పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు బెల్టు గానీ పిల్లల సీటు గానీ లేకుండా బండి నడిపితే వెయ్యి రూపాయల జరిమానా పెట్టారు. టాక్సీల్లో పిల్లల సీటు దాదాపు ఉండదు కాబట్టి మీది మీరే తెచ్చుకోండి, బిగించడానికి నేను పది నిమిషాలు ముందే వస్తాను. సన్‌రూఫ్‌లోంచి తల బయట పెట్టి నిలబెట్టడం కూడా ఇదే లెక్క. పిల్లలు ఎంత అడిగినా ఆ ఒక్కటీ ఒప్పుకోవద్దని మిమ్మల్ని వేడుకుంటున్నాను.

అపోహ: ఎన్ని బొమ్మలు తెస్తే అంత మంచిది.

వాస్తవం: రెండు మెత్తని బొమ్మలు చాలు. బంతి, గుండ్రటి నీళ్ల సీసా ముందుకు దొర్లి బ్రేకు కింద ఇరుక్కుంటే అందరికీ ప్రమాదమే. సీసాను డోరు జేబులో పెట్టండి.

అపోహ: దారిలో కోతులకు అరటిపండ్లు వేయిస్తే పిల్లలకు ఆనందం.

వాస్తవం: నల్లమల దారిలో నేను బండి ఆపను. తిండి కోసం రోడ్డు మీదికి రావడం అలవాటైన కోతులు టైర్ల కింద పడుతున్నాయి, నా కళ్లతో చూశాను. కోతి కరిచినా రక్కినా పిల్లాడికి రేబిస్ టీకాలు వేయించాలి. అద్దం ఎత్తి, బండి నెమ్మదిగా పోనిస్తూ చూపిస్తాను. పిల్లను పొట్టకు కరిపించుకుని వెళ్లే తల్లి కోతిని చూస్తే వాళ్లకు ఆ ఆనందమే చాలు.

అపోహ: రాత్రి బయలుదేరితే పిల్లలు పడుకుంటారు, గొడవ ఉండదు.

వాస్తవం: పిల్లలు పడుకుంటారు, నిజమే. కానీ రెండు గంటల నుంచి తెల్లవారేదాకా డ్రైవరు కళ్లు కూడా మూతపడే సమయం. పిల్లల నిద్ర కోసం ఆ అపాయం తెచ్చుకోకండి. తెల్లవారుజామున ఐదింటికి, రాత్రంతా నిద్రపోయిన డ్రైవరుతో బయలుదేరండి. పిల్లలు మరో గంట పడుకుంటారు. ఎండ ముదరకముందే సగం దారి అయిపోతుంది.

అపోహ: మధ్యలో ఆగితే ఆలస్యం.

వాస్తవం: రెండు గంటలకోసారి పదిహేను నిమిషాలు ఆగి కాళ్లు చాపుకోనివ్వండి. రోడ్డుకు దూరంగా, హోటల్ ఆవరణలోపల పరుగెత్తనివ్వండి. ఆ తర్వాతి గంట ప్రశాంతంగా సాగుతుంది. పిల్లలను బండిలో వదిలి మీరు మాత్రం టీకి వెళ్లకండి. ఎండలో మూసిన కారు లోపల పది నిమిషాల్లోనే పది డిగ్రీల దాకా వేడి పెరుగుతుంది.

అపోహ: "ఇంకా ఎంత దూరం" అని అడిగితే "వచ్చేస్తోంది" అంటే సరిపోతుంది.

వాస్తవం: ఒకసారి నమ్ముతారు. మూడోసారికి ఏడుస్తారు. చిన్నపిల్లలకు కిలోమీటర్లు తెలియవు, గంటలూ తెలియవు. నేను టోల్‌గేట్లు చెబుతాను: పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు. మూడు వేళ్లు చూపించి, గేటు దాటినప్పుడల్లా ఒకటి మడవమంటాను. మూడో వేలు మడిచాక ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ పొగగొట్టాల కోసం వెతకమంటాను. మొన్న సంక్రాంతికి తీసుకెళ్లిన ఐదేళ్ల బుజ్జి అవి కనబడగానే వెనక నుంచి నా సీటు తట్టి, "అంకుల్, నెమ్మదిగా పోనీ, అమ్మమ్మకు ఫోన్ చేసి అన్నం పెట్టమని చెప్పాలి" అంది.