విమాన ప్రయాణం ఖర్చు, పెట్టె మన్నిక: అపోహలు - వాస్తవాలు

టికెట్‌కి ఒక లెక్క, పెట్టెకి ఇంకో లెక్క అనుకుని విడివిడిగా కొంటారు చాలామంది. కానీ పెట్టె కొలత, ఖాళీ బరువు తెలియకుండా ప్రయాణానికి ఎంత అవుతుందో తేల్చడం కుదరదు. పెట్టె ఎక్కడ విరుగుతుందో తెలియకపోతే ఎంత పెట్టి కొన్నా మన్నిక దక్కదు. మరమ్మతు బల్ల మీదికి వచ్చే పెట్టెల్లో పైపెంకు బాగానే ఉంటుంది. పోయేవి చక్రాలు, హ్యాండిల్, జిప్పు. కొనేటప్పుడు మాత్రం అందరూ పెంకునే తట్టి చూస్తారు.

అపోహ: వెతికినప్పుడు అన్నిటికన్నా పైన కనిపించేదే చవక టికెట్

టికెట్ ధరలో మూల చార్జీ, విమాన సంస్థ సర్‌చార్జీ, పన్నులు, విమానాశ్రయ రుసుములు ఉంటాయి. సామాను సంగతి వేరు. చాలా సంస్థల కనిష్ఠ ధర టికెట్‌లో ముందు సీటు కింద పట్టే చిన్న సంచీకే అనుమతి ఉంటుంది. పైన అరలో పెట్టే పెట్టెకు, కౌంటర్‌లో ఇచ్చి విమానం కింది భాగంలో వేసే పెట్టెకు విడిగా కట్టాలి. అదీ రానూ పోనూ రెండుసార్లు. కాబట్టి పోల్చాల్సింది టికెట్, సామాను, సీటు అన్నీ కలిపిన మొత్తాన్ని. అలా కలిపి చూస్తే రెండో మూడో వరుసలో ఉన్న టికెట్ చవక అని తేలడం మామూలే.

సామాను రుసుము ఎప్పుడు కట్టారన్నది కూడా ధరను మారుస్తుంది. సాధారణంగా టికెట్‌తో పాటు కడితే తక్కువ, కౌంటర్ దగ్గర ఎక్కువ, గేటు దగ్గర అన్నిటికన్నా ఎక్కువ.

మీ టికెట్‌లో సామాను హద్దు పెట్టెల సంఖ్య పద్ధతిలో ఉందా, మొత్తం బరువు పద్ధతిలో ఉందా అన్నది కూడా ముందే చూడాలి. సంఖ్య పద్ధతిలో రెండు పెట్టెలు, ఒక్కోటి 23 కిలోలు అంటే 28, 18గా సర్దడం చెల్లదు. 28 కిలోల పెట్టెకు అధిక బరువు రుసుము పడుతుంది. బరువు పద్ధతిలో మొత్తం కిలోలే లెక్క, పెట్టెల మధ్య ఎలా పంచుకున్నా సాధారణంగా ఫర్వాలేదు. రెండు పద్ధతుల్లోనూ ఒక్క పెట్టె 32 కిలోలు దాటితే చాలాచోట్ల డబ్బు కడతామన్నా తీసుకోరు. ఆ హద్దు మోసే కార్మికుల నడుము కోసం పెట్టింది.

చవకగా ఉన్నాయని రెండు విడి టికెట్లు అతికించి మధ్యలో విమానం మారేవాళ్లు ఒక విషయం గుర్తుంచుకోవాలి. సామాను చివరి గమ్యం దాకా దానంతటదే వెళ్లకపోవచ్చు. మధ్యలో తీసుకుని మళ్లీ ఇవ్వాల్సి వస్తే రెండో సంస్థ రుసుము విడిగా పడుతుంది. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే, రెండో సంస్థ దృష్టిలో మీరు రాని ప్రయాణికులు.

అపోహ: ఒకే టికెట్‌ను పదేపదే వెతికితే ధర పెంచేస్తారు

ఒకే క్యాబిన్‌లోని సీట్లను విమాన సంస్థ అక్షరాల పేర్లున్న చాలా బుకింగ్ తరగతులుగా విడగొడుతుంది. ఒక్కో తరగతికి ఒక్కో ధర, ఇన్ని సీట్లని ఒక హద్దు. కింది తరగతి అయిపోగానే పై తరగతి ధర కనిపిస్తుంది. మీరు రెండోసారి చూసేలోపు పెరగడానికి మామూలుగా ఇదే కారణం. వెతికే సైటు దాచిపెట్టుకున్న పాత ధర చూపించి, డబ్బు కట్టే పేజీలో అసలు ధర తేవడం ఇంకో కారణం. బ్రౌజర్ చరిత్ర చెరిపినా, మంగళవారం రాత్రి ధర తగ్గుతుందన్న మాట నమ్మి మేల్కొన్నా తరగతిలో సీట్లు పెరగవు.

నిజంగా పనికొచ్చే కిటుకు ఒకటుంది. నలుగురికి కలిపి వెతికితే నలుగురూ పట్టే తరగతి ధర చూపిస్తారు. కింది తరగతిలో మూడు సీట్లే మిగిలితే నలుగురికీ పై తరగతి ధర పడుతుంది. అందుకే ముందు ఒక్కరికి వెతికి చూడండి. ధరలో తేడా కనిపిస్తే ముగ్గురికి ఒకసారి, ఒకరికి ఒకసారి కొనండి. బుకింగులు వేరవుతాయి కాబట్టి విమానం రద్దయితే విడివిడిగా మార్చుకోవాలి. చిన్నపిల్లలు ఉంటే ఈ పని చేయకపోవడమే మేలు.

అపోహ: "క్యాబిన్ సైజు" అని ముద్ర ఉంటే లోపలికి అనుమతిస్తారు

అన్ని సంస్థలకూ ఒకటే కొలత లేదు. 55×40×20, 55×35×25, 56×36×23 సెంటీమీటర్లు తరచుగా కనిపించే హద్దులు. విమాన సంస్థల అంతర్జాతీయ సంఘం ఐఏటీఏ సూచించే గరిష్ఠం 56×45×25, కానీ అది సలహా మాత్రమే, తుది మాట విమాన సంస్థది. పైగా చాలామంది తయారీదారులు చక్రాలు, హ్యాండిల్ మినహాయించి పెంకు కొలతే రాస్తారు. విమానాశ్రయంలో పెట్టెను దించి కొలత చూసే చట్రానికి ఆ మినహాయింపు తెలియదు. నాలుగు చక్రాల పెట్టెలో చక్రాలే నాలుగైదు సెంటీమీటర్లు తినేస్తాయి.

ఇంట్లో ఇలా కొలవండి. పెట్టెను నింపి గోడకు ఆనించి నిలబెట్టండి. పైన అట్ట పుస్తకాన్ని అడ్డంగా పెట్టి నేల నుంచి దాని అడుగు దాకా టేపు పట్టండి. మందానికి కూడా అంతే, ముందు జేబు నింపి కొలవాలి. పెట్టెను ఉబ్బించే అదనపు జిప్పు తెరిస్తే మందం పెరిగి చాలా క్యాబిన్ పెట్టెలు హద్దు దాటిపోతాయి.

కింద వేసే పెట్టెకు పొడవు, వెడల్పు, మందం కలిపి 158 సెంటీమీటర్లు సాధారణ హద్దు. 75×52×31 పెట్టె సరిగ్గా ఆ గీత మీద ఉంటుంది.

ఖాళీ బరువు చూడకుండా కొనకండి. పెద్ద పెట్టె ఖాళీగానే 3 నుంచి 5 కిలోలు తూగుతుంది. 23 కిలోల్లో 5 పోతే మీకు మిగిలేది 18. క్యాబిన్‌లో 7 కిలోలే అనే సంస్థలు ఉన్నాయి, అక్కడ 3 కిలోల పెట్టె పట్టుకెళ్తే దాదాపు సగం పెట్టెకే ఖర్చు. అలాగని మరీ తేలికైనదాని వెంట పడొద్దు. బరువు తగ్గించడానికి పెంకు, హ్యాండిల్ గొట్టాలు పలచబరుస్తారు. పెద్దదానికి మూడున్నర నుంచి నాలుగు, క్యాబిన్‌దానికి రెండున్నర కిలోల దగ్గర మా మొగ్గు.

అపోహ: నొక్కితే కదలని పెంకే గట్టిది

ఇది తిరగబడ్డ నమ్మకం. ఏబీఎస్ ప్లాస్టిక్ బిర్రుగా ఉంటుంది, చవక, మెరుపు బాగుంటుంది. మూల మీద దెబ్బ తగిలితే వంగకుండా పగులుతుంది, చలిలో ఇంకా త్వరగా. పాలీకార్బొనేట్ లోపలికి వంగి మళ్లీ లేస్తుంది. 2000లో రిమోవా సంస్థ ఈ పదార్థంతో పెట్టె తెచ్చాక మిగతావాళ్లూ ఆ దారి పట్టారు. పాలీప్రొపిలీన్ కూడా దెబ్బ బాగా ఓర్చుకుంటుంది, మెరుపు తక్కువ. అల్యూమినియం పగలదు, సొట్ట పడుతుంది. సొట్ట చట్రం అంచున పడితే మూత సరిగా మూసుకోదు.

పరీక్ష తేలిక. మూత మధ్య అరచేత్తో గట్టిగా నొక్కి వదలండి. వంగి, తెల్ల గీత మిగలకుండా లేస్తే మంచిది. ఏబీఎస్ మీద పలచని పాలీకార్బొనేట్ పొర అతికించి "పాలీకార్బొనేట్" అని అమ్మేవీ ఉన్నాయి, అందుకే లేబుల్ మీద మొత్తం అదే పదార్థమని రాసి ఉందో లేదో చూడండి. మరకలకు సబ్బునీళ్లు చాలు. థిన్నర్, అసిటోన్ తగిలితే పాలీకార్బొనేట్ సన్న పగుళ్లు పట్టి, తర్వాతి దెబ్బకు విరుగుతుంది.

గుడ్డ పెట్టెల దగ్గర డీనియర్ అంకె చూపించి అమ్ముతారు. డీనియర్ అంటే 9,000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క. అంటే దారం లావు తెలుస్తుంది, గట్టితనం పూర్తిగా తెలియదు. 1680 డీనియర్ పాలియెస్టర్ కన్నా 1050 డీనియర్ బాలిస్టిక్ (దట్టంగా, గట్టిగా నేసిన) నైలాన్ రాపిడికి ఎక్కువ కాలం తట్టుకుంటుంది. అంకె చూసే ముందు అది నైలానా, పాలియెస్టరా అని అడగండి.

అపోహ: నాలుగు చక్రాల పెట్టె వచ్చాక రెండు చక్రాలది పాతబడిపోయింది

1972లో బెర్నార్డ్ సాడో పేటెంట్ పొందిన చక్రాల పెట్టెను పట్టీ కట్టి లాగేవారు. రెండు చక్రాలు, సాగే హ్యాండిల్ ఉన్న నిలువు పెట్టెను 1987లో పైలట్ రాబర్ట్ ప్లాత్ చేశారు. గతుకుల దారికి, మెట్లకు ఇప్పటికీ అదే మేలు. దాని చక్రాలు సగం పెట్టె లోపలికి దిగి ఉంటాయి కాబట్టి పక్క దెబ్బ తగలదు. నాలుగు చక్రాలది నున్నటి నేల మీద చేతికి బరువు తెలియనివ్వదు, ఆ సుఖం నిజమైనదే. కానీ నాలుగు కాళ్లూ బయటికి పొడుచుకు వచ్చి ఉంటాయి. పెట్టె మూల మీద పడితే ఒక్క కాలు మొత్తం దెబ్బ తీసుకుంటుంది, చక్రం బిగించిన గూడు విరుగుతుంది.

కొనేటప్పుడు లోపలి లైనింగ్ జిప్పు తెరిచి చక్రాల గూళ్లు ఎలా బిగించారో చూడండి. స్క్రూలు కనిపిస్తే స్క్రూడ్రైవర్‌తో మార్చుకోవచ్చు. రివెట్లైతే డ్రిల్లు పెట్టి తొలిచి తీయాలి. లైనింగ్ పూర్తిగా అతికించి ఉంటే దాన్ని కోస్తే గానీ చేయి దూరదు. మా దృష్టిలో రంగు, బ్రాండ్ కన్నా ఈ ఒక్క విషయమే పెట్టె ఆయుష్షును ఎక్కువగా నిర్ణయిస్తుంది.

చక్రం ఒక్కటే అరిగితే గూడు మార్చనవసరం లేదు. చక్రం బయటి వ్యాసం, వెడల్పు, ఇరుసు మందం మూడూ కొలుచుకోండి. ఇరుసు రివెట్ అయితే హాక్సా బ్లేడుతో కోసి, కొత్త చక్రంతో పాటు వచ్చే ఇరుసును అలెన్ కీతో బిగించాలి. రెండు చక్రాల పెట్టెల్లో తరచుగా స్కేటు చక్రాలకు వాడే 608 బేరింగే ఉంటుంది, లోపలి వ్యాసం 8, బయట 22, మందం 7 మిల్లీమీటర్లు. చక్రం బిగుసుకుందంటే ముందు ఇరుసుకు చుట్టుకున్న వెంట్రుకలు, దారాలు పట్టకారుతో తీయండి. అలాగే ఈడిస్తే చక్రం తిరగక ఒకవైపే అరిగి చదునవుతుంది.

సాగే హ్యాండిల్ కొంచెం ఊగితే లోపం అనుకోవద్దు. ఆ కాస్త వదులు లేకపోతే దెబ్బకు గొట్టం వంగి ఇరుక్కుంటుంది. నిండు పెట్టెను ఆ హ్యాండిల్ పట్టుకుని ఎత్తకండి. ఎత్తడానికి పైన, పక్కన ఉన్న పిడులు వాడాలి. కౌంటర్‌లో ఇచ్చే ముందు హ్యాండిల్ పూర్తిగా లోపలికి దిగిందో లేదో చూడండి.

అపోహ: టీఎస్ఏ తాళం ఉంటే దొంగ భయం లేదు

ఆ తాళం అమెరికా రవాణా భద్రతా సంస్థ (టీఎస్ఏ) తనిఖీ సిబ్బంది పెట్టెను పగలగొట్టకుండా తెరవడానికి పెట్టింది. 2015 నాటికే వాళ్ల తాళపు చెవుల ఫొటోలు బయటికొచ్చి, వాటిని చూసి 3డీ ప్రింటర్ మీద నకళ్లు చేశారు. అసలు బలహీనత జిప్పులో ఉంది. కాయిల్ జిప్పు (నైలాన్ తీగ చుట్టలే పళ్లుగా ఉండేది) పళ్ల మధ్య బాల్‌పెన్ను మొన దూర్చితే విడిపోతుంది. రెండు రన్నర్లనూ కలిపి విడి తాళం వేస్తే, ఆ జంటను అటూ ఇటూ లాగి జిప్పు మళ్లీ మూసేయొచ్చు, మీకు ఆనవాలు కూడా మిగలదు. రన్నర్ల కొసలు పెట్టెకే బిగించిన తాళంలో దిగితే మళ్లీ మూయడం కుదరదు, కనీసం తెరిచారని తెలుస్తుంది. విలువైనవి, మందులు, కాగితాలు చేతిలోనే ఉంచుకోండి.

జిప్పు అంకె రన్నర్ వెనక ఉంటుంది. మూసిన పళ్ల వరుస వెడల్పు సుమారు అన్ని మిల్లీమీటర్లని దాని అర్థం. ప్రధాన జిప్పుకు 8 లేదా 10, జేబులకు 5 ఉండాలి. మూసిన జిప్పు వెనకే విడిపోతుంటే సాధారణంగా పళ్లు బాగానే ఉంటాయి, రన్నర్ నోరు వదులై ఉంటుంది. రన్నర్ ఒక్కటి మారిస్తే చాలు.

అపోహ: తోలు బ్రీఫ్‌కేస్ అంటే మన్నిక

ఏ తోలన్నదే ప్రశ్న. పైపొర చెక్కని ఫుల్ గ్రెయిన్ ఏళ్లు గడిచేకొద్దీ నిగనిగలాడుతుంది. బాండెడ్ అంటే తోలు పొడిని జిగురుతో అతికించిన పలక, మడత దగ్గర పొరలుగా లేస్తుంది. అంచు చూస్తే తెలుస్తుంది, నిజమైన తోలులో నార కనిపిస్తుంది, రెక్సిన్‌లో వెనక గుడ్డ కనిపిస్తుంది.

ఆఫీసు బ్యాగుల్లో ముందు తెగేది భుజం పట్టీ కొక్కెం. పోత పోసిన జింకు కొక్కెం రాపిడికి అరిగి హఠాత్తుగా విరుగుతుంది, ఇత్తడి, ఉక్కు నిలుస్తాయి. పట్టీ బ్యాగుకు కలిసే చోట నలుచదరంగా, మధ్యలో గుణకారం గుర్తుతో కుట్టు ఉండాలి. ల్యాప్‌టాప్ పెట్టే అర కింది భాగం బ్యాగు అడుగుకు రెండు సెంటీమీటర్లైనా పైన ఆగాలి. లేకపోతే బ్యాగు కింద పెట్టినప్పుడల్లా దెబ్బ ల్యాప్‌టాప్ మూలకే. 15 అంగుళాలన్నది తెర కొలత, కొనేముందు యంత్రం పొడవు వెడల్పులు కొలవండి.

అపోహ: పవర్ బ్యాంక్‌ను కింద వేసే పెట్టెలో పెట్టొచ్చు

కుదరదు, చేతి సంచీలోనే ఉండాలి. హద్దు 100 వాట్-అవర్లు (బ్యాటరీలో పట్టే శక్తి కొలత). దాని మీద రాసిన మిల్లీ ఆంపియర్ అవర్లను (mAh) బ్యాటరీ వోల్టేజి 3.7తో గుణించి 1,000తో భాగించండి: 20,000కి 74 వస్తుంది. 100 నుంచి 160 దాకా సంస్థ అనుమతి కావాలి, ఆపైన లేదు. చార్జింగ్ ఉన్న స్మార్ట్ పెట్టె కొంటే బ్యాటరీ ఊడి వచ్చేదే కొనండి, గేటు దగ్గర పెట్టె కిందికి పంపమంటే బ్యాటరీ తీసి ఇవ్వాలి.

అపోహ: విరిగిన పెట్టెకు విమాన సంస్థ బాధ్యత లేదు

1999 మాంట్రియల్ ఒప్పందం వర్తించే అంతర్జాతీయ ప్రయాణాల్లో కింద వేసిన సామాను దెబ్బతింటే బాధ్యత సంస్థదే. నష్టపరిహారం గరిష్ఠం 2024 డిసెంబరు 28 నుంచి ఒక్కో ప్రయాణికుడికి 1,519 ఎస్‌డీఆర్‌లు (అంతర్జాతీయ ద్రవ్య నిధి వాడే లెక్క యూనిట్), అది పెట్టెకు కాదు, మనిషికి లెక్క. పెట్టెలోనే ఉన్న లోపం వల్ల నష్టం జరిగితే ఆ మేరకు సంస్థ తప్పించుకోవచ్చు.

బెల్టు మీద నుంచి తీసుకోగానే నాలుగు చక్రాలు, హ్యాండిల్, మూలలు చూడండి. దెబ్బ కనిపిస్తే బయటికి రాకముందే సామాను కౌంటర్‌లో నివేదిక రాయించి నంబరు తీసుకోండి. ట్యాగ్, బోర్డింగ్ పాస్ పారేయకండి. ఇంటికెళ్లాక కనిపించినా, పెట్టె చేతికందిన రోజు నుంచి 7 రోజుల్లో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయొచ్చు. ఆలస్యంగా వచ్చిన సామానుకు, అది చేతికందిన రోజు నుంచి 21 రోజులు గడువు. కౌంటర్‌లో ఇచ్చే ముందు నాలుగు వైపులా ఫొటో తీసి ఉంచితే, దెబ్బ పాతదన్న వాదనకు జవాబు మీ దగ్గర ఉంటుంది.

అపోహ: జీవితకాల వారంటీ ఉంటే అన్నీ ఉచితం

సాధారణంగా అది తయారీ లోపాలకే. అరుగుదల, విమాన సంస్థ చేతిలో తగిలిన దెబ్బలు చాలా వారంటీల్లో ఉండవు. రెండు ప్రశ్నలు అడగండి: చక్రాలు, హ్యాండిల్ విడిగా అమ్ముతారా? పెట్టెను మరమ్మతు కేంద్రానికి పంపే ఖర్చు ఎవరిది? విడిభాగాలు దొరికే అయిదేళ్ల వారంటీని, విడిభాగాలు లేని జీవితకాల వారంటీ కన్నా పైన పెట్టాలి.

వాడకుండా అటక మీద పెట్టినా పెట్టె చెడుతుంది. పాలీయురిథేన్ చక్రాలు, రెక్సిన్ పూత గాలిలోని తేమ తగిలి లోలోపల కుళ్లి, కొన్నేళ్లకు చేతికి పొడిగా రాలతాయి. ప్లాస్టిక్ కవరులో బిగించి కట్టకండి, గుడ్డ కవరు వేయండి, లోపల తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు పెట్టండి. ప్రయాణానికి వారం ముందు దించి, బరువు నింపి, ఇంట్లోనే కాసేపు లాగి చూడండి. రాలిపోయే చక్రమేదో అక్కడే రాలుతుంది, మార్చుకోవడానికి సమయం ఉంటుంది.