కారు ఏసీకి ఎండ కనపడకపోతే

మే నెల, మధ్యాహ్నం రెండు గంటలు. గచ్చిబౌలి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కాం. ఏసీ ఆటో మోడ్‌లో ఉంది, అంటే మనం డిగ్రీలు పెడితే మిగతాది అదే చూసుకుంటుంది, 24 పెట్టాం, బయట 42 అని చూపిస్తోంది, డ్రైవింగ్ సీట్లో మా బావ మాత్రం చొక్కా పై గుండీ విప్పుకుని "గ్యాస్ మళ్లీ అయిపోయినట్టుంది" అని గొణుగుతున్నాడు. వెనక నీడలో కూర్చున్న అక్కకేమో బాగానే ఉందట. అంతకు ముందు వారమే మెకానిక్ "అన్నా, గ్యాస్ నింపాలె" అంటే నింపించాం. డబ్బులు పోయాయి గానీ ఉక్క పోలేదు.

టోల్ గేటు దగ్గర ఆగినప్పుడు ముందు కారు డిక్కీ మీద మా హెడ్‌లైట్ల వెలుగు కనిపించింది. వాటినీ చీకటి పడితే వాటంతటవే వెలిగేలా ఆటో మోడ్‌లోనే పెట్టాం, అంటే పట్టపగలు మా కారు రాత్రి అనుకుంటోంది! డ్యాష్‌బోర్డు మీద అద్దానికి దగ్గరగా చిన్న నల్లటి బుడిపె ఒకటి ఉంటుంది చూడండి, సరిగ్గా దాని మీదే బావ వినాయకుణ్ణి అతికించాడు.

ఆ బుడిపె కింద ఉండేది ఫోటోడయోడ్. దాని మీద ఎంత ఎండ పడితే అంత కరెంటు పుడుతుంది, దాన్ని బట్టి కారు కంప్యూటర్ ఎండ తీవ్రతను తెలుసుకుంటుంది. కొన్ని కార్లలో హెడ్‌లైట్లకు కూడా సమాచారం అక్కణ్ణుంచే వెళ్తుంది, మాది ఆ బాపతు. గాలి ఎంత వేడిగా ఉందో వేరే సెన్సర్ కొలుస్తోందిగా, మళ్లీ ఎండ లెక్క ఎందుకంటారా? కారులో గాలి 24 డిగ్రీలే ఉన్నా, అద్దంలోంచి ఎండ నేరుగా చేతుల మీద, ఒళ్లో పడుతుంటే మనకు మాత్రం చెమటలు పడతాయి. ఎండ ఎక్కువగా ఉందని తెలిస్తే సిస్టమ్ గాలిని ఇంకాస్త చల్లబరిచి, బ్లోవర్ వేగం పెంచుతుంది. మా కారుకేమో వినాయకుడి నీడే తెలుసు!

గాలి వేడిని కొలిచే సెన్సర్ స్టీరింగ్ దగ్గర సన్నని చీలికలున్న ఓ చిన్న జాలీ వెనక ఉంటుంది, చాలామంది దాన్ని స్పీకర్ అనుకుంటారు. లోపలుండేది థర్మిస్టర్, వేడెక్కే కొద్దీ దాని నిరోధకత తగ్గుతుంది. గాలి ఆడని చోట పెడితే అది డ్యాష్‌బోర్డు వేడినే చెబుతుంది కాబట్టి ఒక బుల్లి ఫ్యానో, బ్లోవర్ గాలి ఊపుతో పీల్చే గొట్టమో పెట్టి కారులోని గాలిని దాని మీదుగా లాగుతారు. మన రోడ్ల దుమ్ముకి ఆ జాలీ పూడుకుపోతే లెక్క తప్పుతుంది. మూడోది ముందు బంపర్ వెనక ఉండే బయటి ఉష్ణోగ్రత సెన్సర్. పంజాగుట్ట ట్రాఫిక్‌లో ఇంజిన్ వేడీ రోడ్డు వేడీ తగిలి అది 46 అన్నా అనొచ్చు, అందుకే చాలా కార్లు బండి కదిలి కొంత వేగం అందుకునే దాకా ఆ పెరుగుదలను నమ్మవు.

ఇక 24 అంటే వెంట్లలోంచి 24 డిగ్రీల గాలి వస్తుందని కాదు. ఎండలో నిలబెట్టిన కారును చల్లబరిచేటప్పుడు వచ్చే గాలి 24 కన్నా చాలా చల్లగా ఉంటుంది, క్యాబిన్ 24కి దగ్గరయ్యే కొద్దీ దాన్ని మెల్లగా పెంచుతారు. ఎలాగంటే, గాలి ముందు కూలింగ్ కాయిల్ మీదుగా వెళ్లి చల్లబడుతుంది, తర్వాత ఒక చిన్న మోటారుతో తిరిగే రేకు అందులో కొంత భాగాన్ని ఇంజిన్ కూలెంట్‌తో వేడెక్కిన హీటర్ కాయిల్ వైపు మళ్లిస్తుంది, రెండూ కలిసి మన మీదకొస్తాయి. వేణ్ణీళ్లకు చన్నీళ్లు తోడు అన్నట్టే, కాకపోతే హైదరాబాద్ మే నెలలో కూడా హీటర్‌కి పని ఉంటుందంటే బావ నమ్మలేదు. కూలింగ్ కాయిల్‌కీ ఒక సెన్సర్ ఉంటుంది, దాని మీద చేరిన తేమ గడ్డకట్టే పరిస్థితి వస్తే కంప్రెసర్ ఆపడమో తగ్గించడమో చేస్తుంది. ఆ తేమే కారు కింద చుక్కలుగా కారుతుంది, రిపేరు అనుకుని కంగారు పడొద్దు.

పెట్టిన ఉష్ణోగ్రతను ఏసీ తనంతట తానే నిలబెట్టడం కొత్తదేం కాదు. 1964 మోడల్ అమెరికన్ కాడిలాక్ కార్లలోనే 'కంఫర్ట్ కంట్రోల్' పేరుతో వచ్చింది, మైక్రోచిప్పులు కార్లలోకి రాకముందే!

ఎక్కగానే 'ఎల్ఓ' (LO, అన్నిటికన్నా చల్లటి సెట్టింగ్) దాకా నొక్కితే త్వరగా చల్లబడుతుందన్నది నా దృష్టిలో పెద్ద భ్రమ. లోపల 55 ఉన్నప్పుడు 24 పెట్టినా ఆటో మోడ్ మొదట్లో పూర్తి బలంతోనే నడుస్తుంది. తేడా తర్వాత వస్తుంది, 24 అయితే తగ్గుతూ వస్తుంది, ఎల్ఓ అయితే ఆగదు, పావుగంటకి వెనక సీట్లో పిల్లలు చున్నీ కప్పుకుంటారు. దానికన్నా మొదటి నిమిషం అద్దాలన్నీ దించి వేడి గాలిని బయటికి పంపడం నయం.

వినాయకుణ్ణి రెండు అంగుళాలు పక్కకి జరిపాం. లైట్లు ఆరాయి, కాసేపటికి బ్లోవర్ హోరు పెరిగింది. బావ గుండీ పెట్టుకుని, అలవాటు కొద్దీ మళ్లీ ఎల్ఓ నొక్కాడు.