మోకాలి నొప్పికి ఎన్ని గేట్లు?

గత నెలలో మా మేనత్తకు హైదరాబాద్‌లోని ఒక ఆసుపత్రిలో ఉదయం పూట మోకాలి మార్పిడి శస్త్రచికిత్స జరిగింది. సాయంత్రం నర్సు వచ్చి, "నొప్పి పదికి ఎంతుందమ్మా?" అని అడిగితే, "పదికి ఎంతంటే నాకు తెల్వది బిడ్డా, నొప్పయితే లేదు, తిమ్మిరెక్కినట్టున్నది" అన్నారు. లేని నొప్పికి మందెందుకని, ఇచ్చిన మాత్రలను నర్సు అటు తిరగగానే దిండు కింద దాచారు. రాత్రి రెండు గంటలకు ఆమె పెట్టిన కేకకు పక్క గదుల్లో దీపాలు వెలిగాయి. "మార్ఫిన్ లాంటివి లేకుండానే నొప్పి తగ్గిస్తామన్నారు కదా, మరి ఇదేమిటి?" అని మా చెల్లెలు అడిగిన ప్రశ్నకు, వరండాలో నిలబడి నేను చెప్పలేకపోయిన జవాబు ఇది.

1908 నాటి మూసీ వరద తరువాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లకు ఎన్ని గేట్లు ఎత్తారన్నది వానలు దంచినప్పుడల్లా మన నగరంలో వార్తే కనుక, గేట్ల భాష మనకు కొత్తది కాదు. నొప్పికి కూడా వెన్నుపాములో అలాంటి గేటు ఒకటి ఉంటుందని 1965లో రోనాల్డ్ మెల్జాక్, ప్యాట్రిక్ వాల్ ప్రతిపాదించారు. వారు గీసిన పటంలోని వివరాలను తరువాతివారు చాలావరకు దిద్దినా, గేటు మాత్రం నిలిచింది.

ఎగువ నుంచి చూద్దాం. కత్తి పడిన చోట దెబ్బతిన్న కణజాలం ప్రోస్టాగ్లాండిన్ల వంటి రసాయనాలను ఊరిస్తుంది, అది వాన. ఐబూప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటి మాత్రలు ఆ ఊటను తగ్గిస్తాయి. ఆస్పిరిన్ పనిచేసే తీరు ఇదేనని 1971లో జాన్ వేన్ చూపించారు. ఆ వాన నీరు పారే వాగు నాడి. (ఇంట్లో మనం రక్తనాళాన్నీ నాడినీ కలిపి 'నరం' అనేస్తాం, పిల్లలకు ఈ పాఠం చెప్పేవారికి సగం శ్రమ ఇక్కడే.) తొడ లోపలి వైపు, అల్ట్రాసౌండ్ తెర మీద చూస్తూ, నాడి పక్కన రోపివకెయిన్ అనే తిమ్మిరి మందు ఎక్కిస్తే అది నాడిలోని సోడియం ద్వారాలను మూసి వాగుకు అడ్డుకట్ట వేస్తుంది. ఒక్కసారి ఇచ్చిన సూది సాధారణంగా 12 నుంచి 24 గంటలకు మించి నిలవదు.

వాగు చేరేది వెన్నుపాములోని గేటు దగ్గరకు. ఓపియాయిడ్లు, అంటే నల్లమందు నుంచి తీసే మార్ఫిన్, దాని తీరులోనే పనిచేసే ఫెంటానిల్ వంటివి, ఈ గేటును రెండు వైపుల నుంచీ బిగిస్తాయి: వచ్చే నాడి కొసలో కాల్షియం ద్వారాలను మూయించి సందేశ రసాయనాన్ని విడుదల కానివ్వవు; అవతలి కణంలో పొటాషియం ద్వారాలను తెరిపించి అది సులభంగా ఉత్తేజం పొందకుండా చేస్తాయి. అంతేకాదు, పైన మెదడులో కూర్చున్న అధికారుల చేత కూడా 'గేటు దించండి' అని కిందికి ఆజ్ఞలు పంపిస్తాయి. కణాల మీద ఓపియాయిడ్లు అతుక్కునే చోట్లను తాళాలనుకుంటే, వాటికి సరిపడే సొంత తాళంచెవులు మన శరీరంలోనే ఉన్నాయని 1975లో ఆబర్డీన్‌లో జాన్ హ్యూస్, హాన్స్ కోస్టర్‌లిట్జ్ కనుగొన్నారు.

పోలిక ఒకచోట చెల్లదు. జలాశయం గేటు వరద వచ్చినకొద్దీ వెడల్పు కాదు. వెన్నుపాము గేటు అవుతుంది. ఎడతెగని సంకేతాలు వెన్నుపాములోని కణాలనే సున్నితం చేస్తాయని 1983లో క్లిఫర్డ్ వూల్ఫ్ చూపించారు. మా అత్తయ్య విషయంలో ఆ వరద ఒక్కసారిగా గేటు మీద పడింది: అడ్డుకట్ట ఉన్నంతసేపు దిగువన చుక్క లేదు, కానీ మాత్రలు దిండు కింద ఉన్నందున ఎగువన వాన ఆగకుండా కురుస్తూనే ఉంది, రాత్రి రెండింటికి కట్ట తెగింది. నొప్పి లేనప్పుడే గడియారం చూసి మాత్ర వేసుకోమనడం వెనుక ఉన్న తర్కం ఇదే.

అయితే ఓపియాయిడ్లతోనే మొదలుపెడితే సరిపోదా? వాటి తాళాలు శ్వాసను నడిపే మెదడు కాండంలోనూ, పేగుల్లోనూ ఉన్నాయి. నిద్రమాత్రలు కూడా వేసుకునే వృద్ధులకు శ్వాస మందగించడం ప్రాణాంతకం కావచ్చు. పేగుల మాటకొస్తే, విరేచనాలను ఆపడానికి వాడే లోపెరమైడ్ కూడా మెదడులోకి చేరని ఓపియాయిడే. ఇలా మలబద్ధకం పట్టిన రోగికి, చీము పడుతుందన్న భయంతో పప్పు కూడా పెట్టరు మన ఇళ్లలో. పప్పుకూ చీముకూ సంబంధం లేదు, గాయం మానడానికి కావలసిన మాంసకృత్తులు పప్పులో ఉన్నాయి.

భయం మరో వైపు నుంచీ హాని చేసింది. 1985 నాటి మాదక ద్రవ్యాల చట్టం తరువాత లైసెన్సుల చిక్కులకు జంకి అనేక ఆసుపత్రులు మార్ఫిన్ ఉంచడమే మానుకున్నాయి; 2014 సవరణ ఆ ముడులను కొంత విప్పింది. రెడ్ హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ఆసుపత్రి ఉపశమన విభాగంలో మార్ఫిన్ వల్ల రాత్రి నిద్రపోగలుగుతున్న క్యాన్సర్ రోగులను తలచుకుంటే, 'ఓపియాయిడ్ రహితం' అన్న మాటను గొప్పగా చాటుకోవడం నాకు నచ్చదు.

2025 జనవరిలో అమెరికా అనుమతించిన సుజెట్రిజిన్ అనే కొత్త నొప్పి మాత్ర వాగు దగ్గరే పనిచేస్తుంది: నొప్పి నాడుల్లో ప్రధానంగా కనిపించే ఎన్‌ఏవీ 1.8 అనే ఒక్క సోడియం ద్వారాన్ని మూస్తుంది కనుక శ్వాస జోలికీ, అలవాటు జోలికీ పోదు. పరీక్షల్లో అది ఓపియాయిడ్, పారాసిటమాల్ కలిసిన మాత్రను మించలేదు.

ఆ రాత్రి డాక్టరు అత్తయ్యకు కొద్ది మోతాదులో ఓపియాయిడ్ సూది ఇచ్చి, శ్వాస, ఆక్సిజన్ గమనించమని చెప్పి, మాత్రలను గంటల ప్రకారం మొదలుపెట్టించారు. మరో సూది ఒక్కసారే అవసరమైంది. మూడో రోజు నర్సు మళ్లీ అంకె అడిగితే, "మూడని రాసుకో బిడ్డా. పోటు పోయింది, సలుపు మిగిలింది" అన్నారు, దిండు కింద చెయ్యి పెట్టి చూసిన తరువాతే నర్సు ఆ అంకె రాసుకుంది.