ప్రభల ఫొటోలు పోయింది శ్రావణంలో కాదు, 2021 జూన్‌లో

కోనసీమలో మా ఊరి వాట్సాప్ గ్రూపు వారం రోజులుగా అట్టుడుకుతోంది. సంక్రాంతి దగ్గరపడుతోందని వెదుళ్లతో కట్టి, రంగు బట్టలు చుట్టి, కనుమ నాడు భుజాల మీద ఊరేగించే ప్రభల పాత ఫొటోలు చూద్దామని ఎవరో లింకు నొక్కితే గూగుల్ డ్రైవ్ (ఇంటర్నెట్‌లో ఫైళ్లు దాచుకునే చోటు) ఫోల్డర్ తెరుచుకోలేదు. ఎవరు చెరిపేశారని కువైట్ నుంచి ఒకాయన అడిగారు. ఫోల్డర్ చూసుకునే కుర్రాడు దాచలేదు. శ్రావణంలో ల్యాప్‌టాప్ నిండిపోతే తానే చెరిపేశానని, పైన డ్రైవ్‌లో కాపీ ఉంటుందనుకున్నానని చెప్పాడు. ఆ తర్వాత తప్పంతా కుర్రాడిదేనని కొందరు, కాదని కొందరు ఊరు రెండుగా చీలింది.

జియో రావడం, ప్రతి చేతిలో కెమెరా చేరడం, కనుమ నాడు ప్రభ కంటే ఫోన్లు ఎత్తుగా లేవడం అందరూ చూసిందే. దాన్ని వదిలేద్దాం. ఈ తగువుకు మొదలు 2021 జూన్ 1.

2015 మేలో వచ్చిన గూగుల్ ఫొటోస్‌లో, సైజు కొంచెం తగ్గించుకోవడానికి ఒప్పుకుంటే ఎన్ని ఫొటోలైనా ఉచితం. మన ఊళ్లో అందరూ ఒప్పుకున్నారు. అది ఆపేస్తున్నామని 2020 నవంబరులో చెప్పారు, తర్వాతి జూన్ 1 నుంచి ఆపారు. అప్పటి నుంచి జీమెయిల్, డ్రైవ్, ఫొటోస్ మూడూ కలిసి 15 జీబీలోనే సర్దుకోవాలి. అంతకు ముందు సైజు తగ్గించి ఎక్కించినవాటిని మాత్రం లెక్కలోకి తీసుకోలేదు. అందుకే 2021 కనుమ దాకా ఉన్న పాత ఆల్బమ్ ఇప్పటికీ చక్కగా తెరుచుకుంటోంది. పోయినవి 2022 కనుమ నుంచి తీసినవి. గ్రూపులో అరుస్తున్నవాళ్లు ఈ తేడా గమనించినట్టు లేదు.

చిన్న ఫొటోకీ లెక్కే, పెద్ద ఫొటోకీ లెక్కే అన్నాక సైజు తగ్గించడం ఎందుకని కుర్రాడు ఆలోచించాడు. తప్పేం కాదు. ప్రభకు చుట్టిన రంగు నూలు, గంటలు, నెమలి పింఛాలు పెద్దవి చేసి చూస్తే ముద్దగా కనిపిస్తున్నాయని పెద్దలే అనేవారు. దాంతో ఒరిజినల్ ఫొటోలన్నీ డ్రైవ్ ఫోల్డర్‌లో పెట్టడం మొదలైంది. కమిటీ భేష్ అంది. ఎవరి ఖాతాలో పెడుతున్నావని మాత్రం ఒక్కరూ అడగలేదు.

అడగాల్సింది అదే. డ్రైవ్‌లో పది మంది కలిసి వాడే ఫోల్డర్‌లో కూడా ఫైలు ఎవరు ఎక్కిస్తే వాళ్ల కోటాలోంచే చోటు పోతుంది. ఫోల్డర్‌లో ఎక్కించే అనుమతి అందరికీ ఇచ్చాడు. ఇద్దరు ముగ్గురు తప్ప ఎవరూ వాడుకోలేదు. క్లారిటీ తగ్గకుండా వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపి ‘నువ్వే పెట్టెయ్‌రా’ అన్నారు. 2023 రిపబ్లిక్ డే నాడు ఢిల్లీలో మన రాష్ట్రం శకటంగా ప్రభల తీర్థం (ప్రభలన్నీ ఒకచోట చేరే మన కనుమ వేడుక) వెళ్లాక ఈ పంపడం మరీ పెరిగింది. డ్రోన్ వీడియోలు కూడా తోడయ్యాయి. 2024 వచ్చేసరికి ఆండ్రాయిడ్ ఫోన్ల వాట్సాప్ బ్యాకప్ కూడా అదే 15 జీబీలో లెక్కకు రావడం మొదలైంది. కుర్రాడు నెలకు 130 రూపాయలు పెట్టి 100 జీబీ కొన్నాడు. జేబులోంచే. కోటా నిండితే జీమెయిల్‌కు కొత్త ఉత్తరాలు రావడం కూడా ఆగిపోతుంది. ఉద్యోగం వెతుక్కునేవాడికి అదెంత టెన్షనో వేరే చెప్పాలా.

ఇక ల్యాప్‌టాప్. పాతదాంట్లో 1 టీబీ హార్డ్ డిస్క్ ఉండేది. కొత్తదాంట్లో 256 జీబీ ఎస్‌ఎస్‌డీ, అంటే దాదాపు నాలుగో వంతు చోటే. డ్రైవ్ యాప్‌లో రెండు పద్ధతులున్నాయి. మిర్రర్ పెడితే పైన ఉన్నదంతా ల్యాప్‌టాప్‌లోనూ ఉంటుంది, ఇక్కడ చెరిపేస్తే అక్కడా పోతుంది. స్ట్రీమ్ పెడితే ల్యాప్‌టాప్‌లో పేర్లు మాత్రం కనిపిస్తాయి, తెరిచినప్పుడే ఫైలు దిగుతుంది. తక్కువ చోటు ఉన్నవాళ్లకు రెండోదే దారి, సెట్టింగ్స్‌లో మార్చుకోవచ్చు. 2021లో మూతపడ్డ బ్యాకప్ అండ్ సింక్ అనే పాత యాప్‌కు అలవాటుపడ్డ మనిషి కాబట్టి మొదటిదే పెట్టుకున్నాడు. ల్యాప్‌టాప్‌లోని సీ డ్రైవ్ నిండి ఎర్రబడగానే అన్నిటికంటే లావుగా ఉన్న ఫోల్డర్ చెరిపేశాడు. అది డ్రైవ్ ట్రాష్‌లోకి వెళ్లింది. అక్కడ 30 రోజులే ఉంటుంది. శ్రావణం నుంచి ధనుర్మాసం దాకా దాని మొహం చూసినవాళ్లు లేరు.

కువైట్, హైదరాబాద్ వాళ్ల బాధ అబద్ధం కాదు. ప్రభ మోసిన ఒక పెద్దాయన ఇప్పుడు లేరు. ఆయన భుజం మీద ప్రభ ఉన్న ఫొటో ఆ ఫోల్డర్‌లోనే ఉండేది. చెరిపేముందు గ్రూపులో ఒక్క మాట అడగాల్సింది, నిజమే.

అయితే ఫోల్డర్ సొంతదారు దాన్ని చెరిపేసినా, అందులో వేరేవాళ్లు ఎక్కించిన ఫైళ్లు చెరిగిపోవు. ఎక్కించినవాళ్ల డ్రైవ్‌లోనే మిగిలిపోతాయి. నిన్న రాత్రి ఈ సంగతి గ్రూపులో పెట్టాను. ఓనర్‌గా తమ పేరు ఎంచుకుని ఫొటోలు మాత్రం వెతకమన్నాను. అమలాపురంలో ఉండే ఒకావిడకు 2023, 2024 కనుమల ఫొటోలు దొరికాయి, ప్రభ కాలవ దాటుతున్నవి కూడా. ఆవిడ తన చేత్తో ఎక్కించినవి అవి. కువైట్ ఆయన వెతికితే ఏమీ రాలేదు. ఆయనెప్పుడూ ఏదీ ఎక్కించలేదు. పెద్దాయన ఫొటో కూడా కుర్రాడికి వాట్సాప్‌లో వచ్చిందే. పంపినాయన అప్పటి ఫోను మార్చేశాడు.

ఈ ఏటి ఫొటోల ఖాతా ఎవరి పేరున తెరవాలన్నది ఇంకా తేలలేదు. 100 జీబీకి ఏడాదికి 1,300 రూపాయలు. కమిటీ జమాఖర్చుల పుస్తకం తెప్పించుకుని చూశాను. వెదుళ్లకు, రంగు బట్టలకు, మేళానికి, బాణసంచాకు, ప్రభ మోసేవాళ్ల భోజనాలకు విడివిడిగా పద్దులున్నాయి. ఫొటోలకు లేదు.