ఎల్మ్ చెట్టు మీద గొంగళిపురుగుల వేట: అపోహలు, వాస్తవాలు

ఇంగ్లండ్‌లో ఏటా నేను వెతికేది వైట్-లెటర్ హెయిర్‌స్ట్రీక్ పిల్లల కోసం. రెక్క అడుగున తెల్లగీత డబ్ల్యూ ఆకారంలో ఉండే చిన్న సీతాకోకచిలుక ఇది. దీని పిల్లలు, అంటే గొంగళిపురుగులు, పెరిగేది ఎల్మ్ అనే పెద్ద చెట్టు మీదే. కొత్తగా నాతో వచ్చేవాళ్ల నోట తరచూ వినే మాటలివి.

అపోహ: ఎల్మ్ చెట్లన్నీ తెగులుకు పోయాయి కదా, ఇంకేం వెతుకుతాం?
వాస్తవం: 1960ల చివర్లో విరుచుకుపడ్డ డచ్ ఎల్మ్ తెగులుకు బ్రిటన్‌లో రెండున్నర కోట్లకు పైగా చెట్లు చచ్చిపోయాయి. కానీ ఇంగ్లిష్ ఎల్మ్ వేళ్ల నుంచి పిలకలు వేస్తూనే ఉంది. తెగులును మోసే బెరడు పురుగులు సన్నటి కాండం జోలికి పెద్దగా రావు, అందుకే పొలాల చుట్టూ పెంచే చెట్ల కంచెల్లో ఆ పిలకలు కొన్నేళ్లు నిలుస్తాయి. ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని బ్రైటన్ నగరంలోనైతే పెద్ద ఎల్మ్ చెట్లే ఉన్నాయి. స్కాట్లాండ్‌లో 1884 తర్వాత కనబడని ఈ సీతాకోకచిలుక 2017లో మళ్లీ కనబడింది.

అపోహ: వెతకడానికి ఎండాకాలమే మంచిది.
వాస్తవం: అక్కడి ఎండాకాలమైన జూలైలో కనబడేది రెక్కలొచ్చిన పురుగు, అదీ చెట్టు కొసన. నా పని ఆకులు రాలాకే మొదలవుతుంది, ఎందుకంటే గుడ్డు చలికాలమంతా కొమ్మకే అంటుకుని ఉంటుంది. కొమ్మను మెల్లగా వంచి, పాత రెమ్మా కొత్త రెమ్మా కలిసేచోట ఉంగరంలా ఉండే మడత దగ్గర లెన్స్ పెట్టండి. మిల్లీమీటరు కూడా లేని గోధుమరంగు బొత్తాం, చుట్టూ పల్చటి అంచు. అది దొరికిన రోజు నాకు చలి తెలియదు! పూమొగ్గలు ఉబ్బే వేళకు, మార్చి ప్రాంతంలో, పిల్ల బయటికొచ్చి మొగ్గలోకి దూరుతుంది. తర్వాత గింజలు, ఆపైన ఆకులు తింటుంది. మే నెలలో కొమ్మ కింద నిలబడి ఆకులను ఆకాశానికి ఎదురుగా చూడండి. ఈనె వెంట చిన్న నీడ కనబడితే ఆగండి.

అపోహ: గొంగళిపురుగంటే బొచ్చు, ముడితే దురద.
వాస్తవం: పేరులోనే గొంగళి ఉంది మరి, అలా అనిపించడం సహజం. ఇది మాత్రం ఆకుపచ్చగా, పొట్టిగా, చదునుగా ఆకులో కలిసిపోతుంది. మన నిమ్మచెట్టు మీది పురుగు చిన్నప్పుడు పిట్టరెట్టలా కనబడి తప్పించుకుంటుందే, ఇదీ అలాంటి ఉపాయమే.

అపోహ: ఆకుకు చిల్లులుంటే ఇదే తిన్నట్టు.
వాస్తవం: చిమ్మటల (రాత్రి దీపం చుట్టూ తిరిగే రెక్కల పురుగుల) పిల్లలూ తింటాయి. ఒళ్లు విల్లులా వంచి జానెడేసి కొలుస్తున్నట్టు నడిచేది ఒక రకం చిమ్మట పిల్ల, ఇది కాదు.

అపోహ: కంచెను చలికాలంలో కత్తిరిస్తే ఎవరికీ నష్టం లేదు.
వాస్తవం: గుడ్లున్నది ఆ రెమ్మల మీదే. నాకు బాగా బాధ కలిగించేది ఇదే. ఎల్మ్ ఉన్న కంచెను ఒకేసారి మొత్తం కొట్టకుండా, ఈ ఏడు ఒక వైపు, వచ్చే ఏడు ఇంకో వైపు కత్తిరించమని పొలం వాళ్లను అడగండి.