జీఐ బిల్‌తో లా చదువు: మా ఆఫీసులో రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

అమెరికాలో ఒక యూనివర్సిటీలో మాజీ సైనికుల చదువుకు ప్రభుత్వం ఇచ్చే ప్రయోజనాల, అంటే జీఐ బిల్ లాంటి వాటి కాగితాలు చూసే ఉద్యోగం నాది. ఎవరు ఎన్ని క్రెడిట్లు తీసుకున్నారో వీఏకి, అంటే ఇక్కడి మాజీ సైనికుల శాఖకు, ధ్రువీకరించి పంపేది మేమే. ఇక్కడే పుట్టి సైన్యంలో చేరిన మన పిల్లలు, గ్రీన్ కార్డు లేని విదేశీయులనీ సైన్యంలోకి తీసుకున్న మావ్నీ పథకం నడిచిన రోజుల్లో స్టూడెంట్ వీసా మీద వచ్చి యూనిఫాం వేసుకున్నవాళ్లు కొందరు ఇప్పుడు లా వైపు చూస్తున్నారు. ఇది వాళ్ల కోసం.

అపోహ: జీఐ బిల్ ఉంటే లా ఫీజంతా గవర్నమెంటే కడుతుంది.

వాస్తవం: 9/11 దాడుల నుంచి సర్వీసు చేసినవాళ్లకు వచ్చే పోస్ట్ 9/11 జీఐ బిల్‌ని నెలల్లో లెక్కపెట్టాలి. ఇచ్చేది 36 నెలలు. ఏడాదికి తొమ్మిది నెలల చొప్పున డిగ్రీకి నాలుగేళ్లు వాడితే అక్కడికి సరి. డిగ్రీ తర్వాత చేసే మూడేళ్ల లా కోర్సుకు సుమారు 27 నెలలు కావాలి. చవక కాలేజీలో వాడినా, ఖరీదైన లా స్కూల్లో వాడినా తరిగేది ఒక్కలాగే తరుగుతుంది.

ఆమధ్య ఒకబ్బాయి వచ్చాడు, ఆర్మీలో ఐదేళ్లు చేశాడు. "అక్కా, నాకు హండ్రెడ్ పర్సెంట్ ఉంది, మూడేళ్లూ వచ్చేస్తుంది కదా?" అన్నాడు. హండ్రెడ్ పర్సెంట్ అంటే కనీసం 36 నెలలు డ్యూటీ చేసి పూర్తి రేటుకు అర్హుడయ్యాడని అర్థం, నెలలన్నీ ఇంకా మిగిలి ఉన్నాయని కాదు. అర్హత పత్రం తెరిచి చూస్తే 14 నెలల 6 రోజులే ఉన్నాయి. మిగతావి కమ్యూనిటీ కాలేజీలో అయిపోయాయి. ఇంటి అద్దె భత్యం వచ్చింది, నిజమే. కానీ ఆ కొద్దిపాటి ఫీజు అతనికి పెల్ గ్రాంట్‌తోనే, అంటే తక్కువ ఆదాయం ఉన్న విద్యార్థులకు గవర్నమెంట్ ఇచ్చే సాయంతోనే, గడిచిపోయేది. నాకు ప్రాణం ఉసూరుమంది.

ఇద్దరం కూర్చుని లెక్క వేశాం. అతను చేరబోయే చోట సెమిస్టర్‌కు 4 నెలల 10 రోజులు. మూడు సెమిస్టర్లకు 13 నెలలు పోతాయి. నాలుగోది మొదలయ్యే రోజుకి 1 నెల 6 రోజులు మిగులుతాయి. సెమిస్టర్ మధ్యలో నెలలు అయిపోతే, ఆ సెమిస్టర్ చివరిదాకా వీఏ ఇస్తుంది. అలా రెండేళ్లు గట్టెక్కాయి. మూడో ఏడాదికి లోన్ తప్పలేదు.

అపోహ: పెద్ద ప్రైవేట్ లా స్కూల్ అయినా ఫీజు గురించి టెన్షన్ అక్కర్లేదు.

వాస్తవం: ప్రైవేట్ స్కూళ్లలో జీఐ బిల్ కట్టే ఫీజుకు ఏటా ఒక పరిమితి ఉంది. 2025-26కి అది 29,920.95 డాలర్లు. పేరున్న లా స్కూళ్ల ఫీజు ఇందుకు రెట్టింపు దాటుతుంది. ఆ తేడాకి యెల్లో రిబ్బన్ అనే పథకం ఉంది: స్కూల్ ఎంత వదులుకుంటే వీఏ అంత కలుపుతుంది. హండ్రెడ్ పర్సెంట్ ఉన్నవాళ్లకే ఇది. ఎంతమందికి, ఎంత అన్నది స్కూల్ ఇష్టం. అదే యూనివర్సిటీలో ఎంబీఏకి ఒక లెక్క, లాకి ఇంకో లెక్క ఉండొచ్చు కాబట్టి నేరుగా లా స్కూల్‌నే అడగండి. ప్రభుత్వ లా స్కూల్లో అయితే, హండ్రెడ్ పర్సెంట్ ఉన్నవాళ్లకి ఇన్-స్టేట్ ఫీజు, అంటే ఆ రాష్ట్రం వాళ్లు కట్టే ఫీజు, మొత్తం వస్తుంది.

అపోహ: సర్వీసు వదిలి పదిహేనేళ్లు దాటితే జీఐ బిల్ ఇక రాదు.

వాస్తవం: 2013 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ సర్వీసు వదిలినవాళ్లకు గడువే లేదు.

అపోహ: వీఆర్ అండ్ ఈ (సర్వీసు వల్ల వైకల్యం వచ్చినవాళ్లకు చదువుకీ ఉద్యోగానికీ వీఏ చేసే సాయం) పథకం తీవ్రంగా గాయపడ్డవాళ్లకే.

వాస్తవం: ఎంతోమంది చేజేతులా వదులుకునేది ఇదే. సర్వీసు వల్ల వచ్చిన వైకల్యానికి 10 శాతం రేటింగ్ ఉన్నా దరఖాస్తు చేయొచ్చు. మోకాలి నొప్పి, చెవిలో హోరు కూడా రేటింగ్‌లోకి వస్తాయి. ఫీజుకు ప్రైవేట్ స్కూల్ పరిమితి ఇక్కడ వర్తించదు. అయితే మీ పరిస్థితికి లా చదువే సరైన దారి అని కౌన్సెలర్ ఒప్పుకోవాలి. అదంత తేలిక కాదు, ఎందుకు లా అన్నదానికి కాగితాలతో సహా సిద్ధపడి వెళ్లండి. 2021 నుంచి, ముందు ఇది వాడుకుంటే జీఐ బిల్ నెలలు తగ్గవు.

అపోహ: సర్వీసు వదిలాక జీఐ బిల్ నెలల్ని పిల్లలకి రాసివ్వొచ్చు.

వాస్తవం: సర్వీసులో ఉండగానే చేయాలి. మామూలుగా ఆరేళ్లు పూర్తయి, ఇంకో నాలుగేళ్లు చేస్తానని ఒప్పుకోవాలి. కూతురి లా అడ్మిషన్ లెటర్ ఫోల్డర్‌లో పెట్టుకుని వచ్చిన ఒక తండ్రికి ఈ మాట నేనే చెప్పాల్సి వచ్చింది. ఆయన సర్వీసు వదిలి అప్పటికి రెండేళ్లు. 36 నెలలూ ఆయన పేరు మీదే ఉన్నాయి, ఒక్కటీ అమ్మాయికి పోదు. ఆ పూట ఇద్దరినీ కూర్చోబెట్టి, ఆ స్కూల్ సొంతంగా ఇచ్చే స్కాలర్‌షిప్‌ల దరఖాస్తులు నింపించాను.