ట్రాన్స్‌ఫార్మర్ రేకులో గట్టు తగాదా

బెంగళూరు పీణ్యలో ట్రాన్స్‌ఫార్మర్ కోర్లకు, అంటే తీగ చుట్టే లోపలి ఇనుప దిమ్మలకు, రేకు కత్తిరించే షెడ్డు అది. హిందూపురం నుంచి కొత్తగా వచ్చిన కుర్రాడికి మేస్త్రీ మొదటి రోజే చెప్పాడు: “రేకు రోలయిన దిక్కు చూసుకోకుండా కత్తెర వెయ్యకురా తమ్ముడూ.” తర్వాత, పైపూత యాసిడ్‌తో తీసేసిన తునక ఒకటి నా చేతికిచ్చాడు. మందం 0.27 మిల్లీమీటర్లు. వెలుతురుకి వాలుగా పెడితే, జీఐ బకెట్ మీది పువ్వుల్లాగా, రూపాయి బిళ్లంత గ్రెయిన్లు, అంటే లోహంలోని ఒక్కో స్ఫటికం, కంటికే తెలుస్తున్నాయి. మామూలు ఉక్కులో వాటిని మైక్రోస్కోపులోనే చూడాలి.

ఇనుప స్ఫటికంలో పరమాణువులు క్యూబుల్లా పేర్చి ఉంటాయి, ఆ క్యూబ్ అంచు వెంట అయస్కాంతం తేలిగ్గా పడుతుందని 1926లో జపాన్‌లో హోండా, కాయా కొలిచి చూపారు. గ్రెయిన్లన్నీ ఆ దిక్కుకే తిరిగి ఉంటే కరెంటు నష్టం తగ్గుతుంది. అలా తిప్పే దారికి 1934లో అమెరికాలో నార్మన్ గాస్‌కు పేటెంట్ వచ్చింది: సుమారు 3 శాతం సిలికాన్ ఉన్న ఉక్కును చల్లగా రోల్ చేసి, కాచి, మళ్లీ రోల్ చేసి, మళ్లీ కాచడం. ఆ అమరికనే గాస్ టెక్స్చర్ అంటారు.

ఎందుకలా తిరుగుతాయన్నది వేరే కథ. నలిగిన లోహాన్ని కాస్తే కొత్త గ్రెయిన్లు పుట్టి పాతవాటిని తినేస్తాయి, అదే రీక్రిస్టలైజేషన్. చివరికి మిగిలే దిక్కు ఏదో పుట్టుకలోనే తేలుతుందని కొందరు, పెరుగుదలలో తేలుతుందని కొందరు దశాబ్దాలు వాదించుకున్నారు. రెండోవాళ్ల మాట మనకు పొలం గట్టుతో బాగా ఎక్కుతుంది. గ్రెయిన్ బౌండరీ అంటే ఇద్దరి మధ్య గట్టు. అది జరిగితే ఒకరి పొలం పెరుగుతుంది, పక్కవాడిది తరుగుతుంది. అన్ని గట్లూ ఒకే జోరుగా జరగవు.

నాకు బాగా నచ్చిన ప్రయోగం 1959లో ఆస్ట్, రటర్ చేసింది. బాగా శుద్ధి చేసిన సీసంలో పిసరంత తగరం కలిపారు. మామూలు గట్లు బాగా మందగించాయి. రెండు వైపుల పరమాణువుల వరుసలు కొంత కలిసే ప్రత్యేక గట్లు మాత్రం అంతగా తగ్గలేదు. కుదురైన గట్టులో మలినం దూరడానికి సందు తక్కువ మరి.

ట్రాన్స్‌ఫార్మర్ ఉక్కులో గట్లను పట్టి ఆపేవి మాంగనీస్ సల్ఫైడ్ నలుసులని 1958లో మే, టర్న్‌బుల్ చూపారు. వేడి పెరిగి ఆ పట్టు సడలగానే, లెక్కకు ఎంతో తక్కువగా ఉన్న గాస్ గ్రెయిన్లే ముందు విడిపడి చుట్టుపక్కలంతా కలిపేసుకుంటాయి. అవే ఎందుకు? రెండు వైపుల గ్రెయిన్ల దిక్కులకు మధ్య 20 నుంచి 45 డిగ్రీల తేడా ఉండి, శక్తి ఎక్కువున్న గట్లు ముందు కదులుతాయని ఒక వాదన. వరుసలు కలిసే గట్లదే పైచేయి అని ఇంకో వాదన. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో ఒక్కో గ్రెయిన్ దిక్కు చెప్పే ఈబీఎస్‌డీ పద్ధతితో ఒక్కో గట్టునూ కొలుస్తున్న ఈ రోజుల్లోనూ తగాదా తెగలేదు.

తెగాలని గట్టిగా కోరుకుంటాను. ట్రాన్స్‌ఫార్మర్ రాత్రింబవళ్లు లైన్ మీదే ఉంటుంది, లోడ్ లేకపోయినా కోర్‌లో నష్టం ఆగదు. మామూలు రకంలో గ్రెయిన్లు సరైన దిక్కుకి సుమారు 7 డిగ్రీలు పక్కకుంటే, 1960ల చివర జపాన్ వాళ్లు అల్యూమినియం నైట్రైడ్ నలుసులతో తెచ్చిన రకంలో అది 3కి దిగింది. ఈ రేకులో ఎక్కువ భాగం మనం ఇప్పటికీ బయటి దేశాల నుంచే కొంటున్నాం.